ఇంజిన్ ఊపిరికి ఒక డబ్బా

"టర్బో పోయింది సార్. మార్చాల్సిందే. అంతా కలిపి ఎనభై అయిదు వేలు అవుద్ది."

మెకానిక్ తన చూపుడు వేలు నా ముందు పెట్టాడు. దాని నిండా నూనె. ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. గాలి మాత్రమే వెళ్లాల్సిన గొట్టంలో ఇంజిన్ ఆయిల్ ఏంటి? అతని దగ్గర జవాబుంది, నా దగ్గర లేదు.

కారు కొని అప్పటికి ఇరవై రోజులే. 61 వేల కిలోమీటర్లు తిరిగిన సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. పెట్టిన అయిదు లక్షల్లో మూడున్నర బ్యాంకు లోనే. నేను చదివింది మెకానికల్, ఆరేళ్లుగా రాస్తున్నది జావా. ఇంజిన్ గురించి నాకు గుర్తున్నదంతా పరీక్షలో వేసిన బొమ్మలే.

కూకట్‌పల్లి గదికి వచ్చి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఖమ్మంలో ఆర్టీసీ డిపో మెకానిక్‌గా రిటైరయ్యారు. మొత్తం విని ఒక్కటే అడిగారు.

"డిప్‌స్టిక్ చూశావా?"

"లేదు నాన్నా."

"మరి నాలుగేళ్లు ఏం చదివావురా? ముందు అది చూడు, తర్వాత ఏడువు."

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూశాను. ఆయిల్ 'మ్యాక్స్' గీత దాటి వేలెడు పైన ఉంది! అమ్మే ముందు చేయించిన సర్వీసులో ఎవరో ధారాళంగా పోసేశారు. డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి ట్యూబు దించి, పెద్ద సిరంజితో లాగితే 700 మి.లీ. వచ్చింది. ఆయిల్ మట్టం మరీ పెరిగితే తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని మజ్జిగలా చిలుకుతుంది. నురుగు, తుంపర లేస్తాయి. ఆ తుంపర దారి వెతుక్కుంటూ గాలి గొట్టంలోకి వస్తుంది.

టర్బోని కూడా నాన్న ఫోన్‌లోనే చెక్ చేయించారు. ముందున్న గొట్టం ఊడదీసి, లోపలి చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కదపమన్నారు. పక్కలకి కొంచెం ఊగింది. షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది కాబట్టి అది మామూలే. ముందుకీ వెనక్కీ మాత్రం కదల్లేదు, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తూ లేదు. ఎనభై అయిదు వేలు మిగిలాయి అనుకున్నాను. కానీ అనుమానం మిగిలింది. ఎక్కువ పోయడం వల్లే వచ్చిందా, లేక ఇంజినే అరిగిందా? అది తేల్చుకోవడానికే ఆయిల్ క్యాచ్ క్యాన్ దగ్గరికి వచ్చాను.

ఇదేంటో చెప్పే ముందు ఇంజిన్ ఊపిరి గురించి చెప్పాలి. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, మండిన వాయువులో కొంత వాటి సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. దీన్ని బ్లో-బై అంటారు. దాన్ని బయటికి పోనివ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కారుతుంది. పాత బండ్లలో ఈ ఆవిరిని ఒక గొట్టంతో రోడ్డు మీదికి వదిలేసేవారు. లాస్ ఏంజెలెస్‌ని కమ్మేసిన పొగమంచుకి కారణాలు వెతుకుతున్నప్పుడు ఇదీ దొరికింది. 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి పీసీవీ వాల్వ్ వచ్చింది. ఆవిరి బయటికి పోకుండా, తిరిగి ఇంజినే పీల్చుకుని కాల్చేస్తుంది. ఇప్పుడు అన్ని కార్లలోనూ ఇదే పద్ధతి.

గాలికి మంచిదే, కానీ ఆవిరితో పాటు ఆయిల్ తుంపర కూడా వెళ్తుంది. పాత తరహా ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనక చిమ్ముతుంది కాబట్టి అవి కడిగినట్టు ఉంటాయి. నా కారులాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు సూటిగా సిలిండర్‌లో పడుతుంది. వాల్వుల్ని కడిగే దిక్కు లేదు. తుంపర వాటి మీద మాడి, అడుగంటిన గిన్నెలా మసి గడుతుంది. బాగా పేరుకుంటే మానిఫోల్డ్ విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు.

క్యాచ్ క్యాన్ చేసేది వంటింటి చిమ్నీ ఫిల్టర్ చేసే పనే. ఆవిరి వెళ్లే గొట్టం మధ్యలో ఒక డబ్బా. లోపల అడ్డు రేకులు, జాలీ. తోవ మలుపులు తిరిగే సరికి బరువైన నూనె బొట్లు రేకులకి అంటుకుని అడుగుకి జారతాయి, గాలి ముందుకు పోతుంది.

ఆన్‌లైన్‌లో 900 రూపాయలకీ దొరుకుతుంది, కానీ చాలావాటిలో లోపల ఏమీ ఉండదు. మెరిసే ఖాళీ డబ్బా, అంతే. నేను 2,600 పెట్టి జాలీ ఉన్నది తీసుకున్నాను. కొన్నిటికి పైన చిన్న ఫిల్టర్ బుడిపె ఉంటుంది, ఆవిరిని బయటికి వదలడానికి. చూడ్డానికి రేసు కారులా ఉంటుందని కుర్రాళ్లు అదే కొంటారు. వద్దు. క్రాంక్‌కేస్ వాయువు బయటికి పోకూడదన్నది మన భారత్ స్టేజ్ పరీక్షల్లోనే ఉంది. పైగా కారులో కూర్చుంటే ఆ కంపు మనకే. వారంటీలో ఉన్న కారుకి అయితే ఏ క్యానూ పెట్టొద్దు. నాది ఎప్పుడో దాటిపోయింది.

నా ఇంజిన్‌లో ఆవిరికి రెండు దారులు. మామూలుగా నడిపేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి పోతుంది. టర్బో ఒత్తిడి పెంచినప్పుడు అటువైపు కవాటం మూసుకుని, టర్బో ముందున్న గొట్టంలోకి పోతుంది. నూనె కనిపించింది టర్బో వైపు కాబట్టి క్యాన్ అక్కడే పెట్టాను. అంటే మానిఫోల్డ్ దారిలో వెళ్లే తుంపర దీనికి దొరకదు. ఒక డబ్బా పెట్టి 'ఇక మసే పట్టదు' అనేవాళ్ల మాట నమ్మకండి.

బిగించడానికి ఒక ఆదివారం పట్టింది. టర్బో వేడికి దూరంగా, బ్యాటరీ పక్కన క్లాంపు. డబ్బా ఎంత చల్లగా ఉంటే అంత బాగా పడుతుంది. గొట్టం లోపలి వ్యాసం కంపెనీ గొట్టం కంటే తగ్గకూడదు, మధ్యలో వేలాడి నూనె నిలిచే వంపు ఉండకూడదు. ఇవన్నీ చదువుకునే చేశాను. గొట్టం దగ్గరే దెబ్బ తిన్నాను. ఇంట్లో మిగిలిన రేడియేటర్ నీళ్ల గొట్టం ముక్క సరిగ్గా సరిపోయింది, అదే వేసేశాను. ఆ రబ్బరు వేడి నీళ్లకి తట్టుకుంటుంది, నూనెకి ఉబ్బుతుంది. మూడో వారం మియాపూర్ సిగ్నల్ దగ్గర కాలిన ఆయిల్ వాసన. బానెట్ ఎత్తితే గొట్టం జిలేబీలా మెత్తబడి మలుపు దగ్గర మడతపడింది. ఊపిరి ఆగి, వాల్వ్ కవర్ అంచు నుంచి ఆయిల్ చెమర్చింది. ఇంకో వంద కిలోమీటర్లు అలాగే తోలి ఉంటే సీలు తన్నేసేదేమో. మర్నాడు రాణిగంజ్ వెళ్లి, నూనెకి తట్టుకునే నైట్రైల్ గొట్టం మీటరు కొన్నాను. నాన్నకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ క్యాన్ విప్పి, దగ్గు మందు మూతతో కొలిచి రాసుకున్నాను. మొదటిసారి 30 మి.లీ., రెండోసారి 14, మూడోసారి 12. మొదట్లో వచ్చింది చాలావరకు గొట్టాల్లో నిలిచిన పాత నూనె అయి ఉండాలి. అంకె పెరుగుతూ పోతే భయపడాలి, తగ్గి నిలబడింది. అయినా తృప్తి తీరక ఇంకో గ్యారేజీలో కంప్రెషన్ టెస్ట్ చేయించాను. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే. రింగులు బాగానే ఉన్నాయి.

ఆగస్టులో మాత్రం మళ్లీ గుండె జారింది. క్యాన్‌లో పాలు ఎక్కువైన కాఫీ రంగు ముద్ద. కూలెంట్ ఆయిల్‌లో కలిసిందనీ, హెడ్ గ్యాస్కెట్ పోయిందనీ అనుకుని ఖమ్మం ఫోన్ కొట్టాను.

"కూలెంట్ తగ్గిందా?"

"లేదు."

"డిప్‌స్టిక్ మీద తెల్లగా ఉందా?"

"లేదు నాన్నా, మామూలుగానే ఉంది."

"ఆఫీసుకి ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు."

"వానాకాలం, నాలుగు కిలోమీటర్లు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తున్నావు. అది నీళ్లావిరి రా. ఆదివారం కారేసుకుని ఇంటికి రా, అదే ఎండిపోద్ది."

వెళ్లాను. హైవే మీద నాలుగు గంటలు తోలాక, మరుసటిసారి విప్పితే మామూలు నల్ల నూనె. పెట్రోలు వాసనతో ఉండే దీన్ని తిరిగి ఇంజిన్‌లో పోయకూడదు, డ్రైనేజీలోనూ పారబోయకూడదు. పాత ఆయిల్ డబ్బాలో పోగుచేసి, సర్వీసుకి వెళ్లినప్పుడు గ్యారేజీ వాడి పీపాలో పోస్తున్నాను.

వాల్వుల మీద మసి నిజంగా తగ్గిందా అని కొలీగ్స్ అడుగుతుంటారు. క్యాన్ పెట్టకముందు లోపల కెమెరా పెట్టి ఫొటోలు తీసి ఉంటే చెప్పగలిగేవాణ్ని. 80 వేలకి మానిఫోల్డ్ విప్పించి మొదటి ఫొటో తీయిస్తాను. ఇప్పుడు మీటరు మీద 72,400.