గృహిణికి విశ్రాంతి యాత్ర

విశ్రాంతికై యాత్ర పోయి, ఆ యాత్ర వలని బడలిక తీర్చుకొనుటకు మరల విశ్రాంతి వెదకికొనుట మన ఇండ్లలో నేడు వాడుకయైనది. సోదరీమణులారా! ఈ విషయమున మేము స్వయముగా పడిన పాట్లును, పిమ్మట నేర్చుకొన్న పాఠమును మీతో పంచుకొనగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా నివాసము హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న హబ్సిగూడ. సికింద్రాబాదునుండి ఉప్పలునకు పోవు పెద్దబాట మా వీథి మొగనే పోవుచున్నది. క్రింద బండ్ల రొద, మీద మెట్రో రైలు మ్రోత. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇంట అత్తగారును, ఇద్దరు పిల్లలును గలరు. రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో అందరమును కలిసి విజయవాడ, శ్రీకాళహస్తి, తిరుపతి, కాణిపాకము, అరుణాచలము అను అయిదు క్షేత్రములను ఎనిమిది దినములలో చూచి వచ్చితిమి. దైవదర్శనము భాగ్యమే; కాదనుటలేదు. కాని తెల్లవారుజామున మూటలు కట్టుట, రాత్రి విప్పుట, సత్రపు గదిలో చిన్న పొయ్యిమీద అన్నము వార్చుట, పిల్లల బట్టలుతికి కిటికీ ఊచలకు ఆరవేయుట - ఇదియే మా యాత్ర. ఇల్లు చేరిన మూడవనాడు కండ్లు తిరిగి వంటయింటి గడపమీదనే కూలబడితిమి.

డాక్టరమ్మగారు నెత్తురు పరీక్ష చేయించి, రక్తము మిక్కిలి తక్కువగా నున్నదని చెప్పి, "సెలవులకు పోయి వచ్చితిమనుచున్నారు. ఆ సెలవు ఇంటిలో ఎవరికి దొరకినది?" అని యడిగిరి. మాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఆ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదు. భారత ప్రభుత్వమువారు 2019లో జనులు తమ కాలమును ఎట్లు గడపుచున్నారో లెక్క తీసిరి. కూలి ముట్టని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు 299 నిమిషములు ఆ పనిలో గడపుచుండగా, అట్టి పని చేయు పురుషులు గడపునది 97 నిమిషములట! ఊరు విడిచి పోయినంతనే ఈ లెక్క తారుమారు కాదు. యాత్రలో పొయ్యి మారును గాని చేయి మారదు. కావున గృహిణి విశ్రాంతి యాత్ర తలపెట్టినచో, ఏ ఊరు చూడవలయునని కాక, ఏ పని ఎవరు మానవలయును, ఎవరు పూనుకొనవలయునని మొదట ఆలోచింపవలసియుండును.

మన పెద్దలు విశ్రాంతిని చులకన చేయలేదు. చరకసంహితలో శరీరమును నిలుపు ఉపస్తంభములు మూడని చెప్పి, ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అని వరుస పెట్టిరి. అన్నము వెంటనే నిద్రను చెప్పుట గమనింపదగినది. ఇక రామాయణమున సీతారాములు రాజ్యము విడిచి అడవికి వచ్చిన పిమ్మట, చిత్రకూటమునను మందాకినీ తీరమునను కొంతకాలము నిలిచి, ఆ కొండను, ఆ ఏటిని నెమ్మదిగా చూచి సేదదీరిరి. దినమున కొక్క కొండ చొప్పున పరుగిడియుండినచో వారి మనసునకు ఆ ఊరట కలిగెడిదా?

నిలకడగా నుండి దేహమునకు బలము కూర్చుకొనుట ఒకప్పుడు చికిత్సయే. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో వెలసిన క్షయ చికిత్సాలయము ఇందుకు సాక్షి. 1943లో స్ట్రెప్టోమైసిను కనిపెట్టబడు వరకు ఆ రోగమునకు మంచిగాలి, మంచి తిండి, పడక - ఇవియే ముఖ్యమైన మందులు. 1919లో దక్షిణదేశ సంచారమున అలసిన రవీంద్రనాథ టాగూరుగారును ఆ మదనపల్లెలోనే కొన్ని దినములు నిలిచిరి. మన జాతీయగీతమునకు ఆయన ఆంగ్లానువాదము చేసినది ఆ ఊరి కళాశాలలోనే. విశ్రాంతి దినములు వ్యర్థములగునని భయపడువారు ఈ సంగతి తలచుకొందురు గాక.

అయితే గాలిని మందని భ్రమపడరాదు. 1956లో మద్రాసున మొదలైన పరిశోధనలో కొందరు క్షయరోగులను చికిత్సాలయమునను, కొందరిని వారి పేదయిండ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చి చూచిరి. క్రమముగా మందు మ్రింగిన ఇంటివారును చికిత్సాలయమువారితో సమానముగా కోలుకొనిరని 1959లో తేలినది. మా విషయమును ఇట్టిదే. 2019-21 నాటి కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసుగల మన దేశ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని వెల్లడియైనది. మా ఇంటి దాపున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గలదు. 1918లో కూనూరున పుట్టి 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. దాని గోడ ప్రక్కగా నిత్యము కూరగాయల సంచితో నడచుచు, మా ఒంట నెత్తురున్నదో లేదో ఏనాడును విచారింపకపోతిమి! డాక్టరమ్మగారు చెప్పినట్లు కొన్ని నెలలు ఇనుపధాతువు మాత్రలు వాడి, మాత్ర వేళకు కాఫీ మాని, ఆకుకూరలో నిమ్మపులుసు పిండుకొని, బలము కొంత పుంజుకొన్న పిమ్మటనే ప్రయాణము మాట తలపెట్టితిమి.

ఎచ్చటికి పోవలయును? హార్సిలీ కొండలు చల్లనివే, కాని మాకు దూరము. అరకు మరింత దూరము. తుదకు వికారాబాదు చెంతనున్న అనంతగిరి కుదిరినది. అరకు దారిలోనున్న అనంతగిరి వేరు, ఇది వేరు. గది కుదుర్చుకొనునపుడు పొరపడకుడు. ఇచ్చటను పూర్వము క్షయ చికిత్సాలయముండెడిది. అడవి, అనంతపద్మనాభస్వామి ఆలయము, కొండమీద బస - ఇంతకంటె వేరేమి కావలెను?

మావారు కాగితము తీసికొని వరుస వ్రాసిరి: మొదటినాడు ఆలయము, రెండవనాడు కోటిపల్లి జలాశయము, మూడవనాడు రైలులో బీదరు కోట, సాయంకాలమునకు మరల కొండ. "వికారాబాదు వరకు పోయి బీదరు చూడకుండ వత్తుమా?" అనిరి.

"ఏమండీ, బీదరు కోట ఇంచుమించు ఆరువందల యేండ్లనుండి అచ్చటనే యున్నది. మరి యొక యేడు ఆగలేదా?" అంటిమి.

"పోనీ, చిన్న పొయ్యియైనను వెంట కొనిపోవుదము. ఖర్చు కలిసివచ్చును గదా."

అంతవరకు ఊరకున్న అత్తగారు, "నాయనా, పొయ్యి వచ్చిన చోట నీ భార్యకు సెలవెక్కడిది? తిరుగుడు మానుము. ఆ బండికూలి సొమ్ముతో ఒకరు వండిన అన్నము తిందము" అనిరి. లెక్కచూడగా ఆమె మాట నిజమేయైనది. పొయ్యి అటకమీదనే నిలిచినది.

బతుకమ్మ పండుగ, విజయదశమి గడచిన పిమ్మట సోమవారమున బయలుదేరితిమి. వానలు వెనుకబట్టి అడవి పచ్చగానుండు కాలమది. శని, ఆదివారములందు నగరపు కార్లన్నియు ఆ కొండమీదనే యుండును గనుక నడుమ దినములనే యెన్నుకొంటిమి. పిల్లలకు రెండు దినముల బడి పోయినది. పంతులుగారి పిల్లలకు బడి పోవుటయా యని ఇరుగుపొరుగువారు నవ్విరి, నవ్వనిండు. హబ్సిగూడలో మెట్రో యెక్కి బేగంపేటలో దిగి, చేరువనున్న రైలుస్టేషనులో వికారాబాదు బండి యెక్కితిమి. అచ్చటినుండి కొండకు ఆటోలో కొలది దూరమే.

మొదటినాడు ఏమియు చూడలేదు. భోంచేసి నిద్రించితిమి. మెలకువ రాగానే అలవాటు చొప్పున చేయి పొయ్యి వెలిగించుటకు వెదకినది! రెండవనాడును మనసు నిలువలేదు. పాలవాడు వచ్చెనో లేదో, తులసికి నీరెవరు పోసిరో యని చింత. మూడవనాటికి గాని ఆ చింత సద్దుమణగలేదు. అందుచేతనే రెండు దినముల ప్రయాణము విశ్రాంతికి చాలదని మా అనుభవము. నాలుగు రాత్రులైనను కావలెను. తెల్లవారి మంచువేళ చెట్లక్రింద నడక, మధ్యాహ్నము కునుకు, సాయంకాలము భాగవతమున ఒక ఘట్టము అత్తగారికి చదివి వినిపించుట - ఇంతే మా దినచర్య. ఫోను దినమున కొక్కమారు మాత్రమే తెరచితిమి. పిల్లల స్నానములు, బట్టలు మావారి పాలు. మొదటిదినము చొక్కాలు తలక్రిందులైనవి, మూడవదినమునకు కుదిరినవి.

నాలుగవనాటి సాయంకాలము చెట్టునీడను ఊరక కూర్చుండియుంటిమి. అత్తగారు కొంతసేపు మా వంక చూచి, "అమ్మాయీ, నీవు మా యింటికి వచ్చి పదునాలుగేండ్లయినది. చేతిలో పనిలేక నీవు కూర్చుండగా చూచుట నాకు ఇదే మొదలు" అనిరి. ఒక నిమిషమాగి, "నన్ను ఇట్లు చూచినవారును లేరు" అనిరి. మాకు కన్నీరు నిలువలేదు. ఆమె పెద్దతనమునకు అడ్డురాకూడదని ముఖము త్రిప్పుకొంటిమి.

మూసీనది ఆ కొండలలోనే పుట్టినది. మా ఉప్పలు దాపున నాగోలు వంతెనక్రింద నగరపు మురికినెల్ల మోయుచు నల్లగా, బరువుగా సాగు నీరు, అచ్చట రాళ్లనడుమ తేటగా నుండుట చూచి పిల్లలు నమ్మలేకపోయిరి. ఊరి బరువెల్ల మోయు ఏటికిని తేటగానుండు చోటొకటి యున్నదిగదా యని మేమనుకొంటిమి.

ఇట్టి యాత్ర తలపెట్టు సోదరీమణులకు మా మనవులు కొన్ని. ఒక్క చోటనే నిలువుడు. వంట ఇతరుల చేతికి విడువుడు. ఇంట ఎవరికైనను రక్తపుపోటు, మధుమేహము ఉన్నచో మందుబిళ్ళలు రెండు దినములకు ఎక్కువగానే వెంట నుంచుకొనుడు. కొండగాలి తగిలినదని మందు మానవలదు. ఇల్లు చేరు దినమున వంట పడకుండ ముందే ఏర్పాటు చేసికొనుడు. మా పొరుగింటి అక్కగారు ఆనాడు అన్నము పప్పు పంపి మా విశ్రాంతిని ఒక పూట పొడిగించిరి. ఆమె ఊరికి పోయినపుడు ఆ ఋణము తీర్చితిమి.

యాత్రకు సొమ్ము చాలనివారు అనేకులున్నారు. వారు చిన్నబోవలసిన పనిలేదు. మద్రాసు వైద్యులు చూపినది యిదియే గదా: క్రమము తప్పకున్నచో ఇల్లును ఆరోగ్యాలయమగును. మేము కొండనుండి తెచ్చుకొన్నది ఒక్కటే నియమము. మధ్యాహ్నము భోజనమైన వెనుక ఒక గంట మా అత్తగారును మేమును నడుము వాల్చుదుము. ఆ గంటలో పిలుపు వచ్చినచో ఇంట నున్న వారెవరైనను లేచి పలుకుదురు. ఆదివారపు వంట మావారిదియు అబ్బాయిదియు. పప్పులో ఉప్పు ఒక్కొక్కమారు మరచుచున్నారు. మేమును ఆ సంగతి ఎత్తకుండ తినుచున్నాము. మీ యిండ్లలోను ఆ గంట నేటినుండియే మొదలగుగాక!