పూడిక కొలత – సాగునీటి లెక్క

నది మోసుకొచ్చే ఒండ్రులో కొంత జలాశయాలలో నిలిచిపోగా, మిగిలినదే సముద్రపు అడుగుకు చేరుతుంది. సుంకేసుల వద్ద కె.సి. కాలువకు మళ్ళే తుంగభద్ర నీటిపై ఆధారపడిన కర్నూలు జిల్లా రైతులకు ఎగువ జలాశయంలోని పూడిక కీలకమైనది. 1953లో సుమారు 133 టి.ఎం.సి.లున్న తుంగభద్ర జలాశయ సామర్థ్యం 2008 సర్వేలో 100.86గాను, 2016 సర్వేలో 105.79గాను తేలింది.

పెద్దఎత్తున పూడిక తీయనిదే సామర్థ్యం పెరగదు. కనుక ఈ తేడాకు కారణాన్ని కొలత విధానంలోనే వెతకవలసి ఉంటుంది. పడవ నుండి పంపిన ధ్వని తరంగాలు అడుగును తాకి తిరిగివచ్చే కాలాన్నిబట్టి లోతును లెక్కిస్తారు. కొలిచిన బిందువుల మధ్య దూరం మారితే ఫలితమూ మారుతుంది. తీర సముద్రంలో అడుగు మట్టిని గొట్టంతో పొరలు చెదరకుండా తీసి, అందులోని సీసం-210 క్షీణతనుబట్టి ఏటా పేరుకొనే మందాన్ని అంచనా వేస్తారు. దీని అర్ధాయువు సుమారు 22 సంవత్సరాలు.

ఒకే పద్ధతిలో, నిర్ణీత వ్యవధిలో కొలిచినప్పుడే నీటి వాటాల లెక్క నమ్మదగినదవుతుంది. కల్లూరు పరిసర పొలాల నుండి కొట్టుకుపోయే మట్టి హంద్రీ, తుంగభద్రల మీదుగా శ్రీశైలం జలాశయానికి చేరుతుంది. కావున రైతులు వాలుకు అడ్డంగా దున్ని, గట్లు పటిష్ఠపరచుకొంటే పొలంలో సారమూ, జలాశయంలో నీటికి చోటూ నిలుస్తాయి.