పాత కార్ల సామూహిక యాత్ర

ప్రతి సంవత్సరము నవంబరు నెల మొదటి ఆదివారమున, సూర్యోదయ సమయమునకు, లండను నగరమందలి హైడ్ పార్కులో వందలకొలది మోటారు కార్లు బారులు తీరి నిలుచును. 1905 జనవరి 1వ తేదీకి పూర్వము తయారైన కార్లకే అందు ప్రవేశము. కొన్నింటికి స్టీరింగు చక్రమునకు మారుగా పడవ చుక్కాని వంటి పిడి యుండును. కొన్నింటికి పైకప్పు లేదు, ముందు అద్దము లేదు, తలుపులు లేవు. అన్నింటికంటె పాతవి ముందుగా, తక్కినవి వరుసగా బయలుదేరి, దక్షిణమున సుమారు 60 మైళ్ల దూరమందున్న బ్రైటను సముద్రతీరమునకు ప్రయాణము సాగించును. ఇది పందెము కాదు. ముందు చేరినవారికి బహుమానము లేదు. పైగా సగటున గంటకు 20 మైళ్లకు మించిన వేగముతో పోరాదని నిబంధన కలదు. సాయంకాలము నాలుగున్నర లోపల చేరినవారికి ఒక పతకము నిత్తురు. అంతియే.

పోటీ లేని ప్రయాణమునకు ఇందరు కూడుట ఎందులకు? పాత వస్తువుల మీది మక్కువ కొంత, వేడుక కొంత. కాని ఈ యాత్రకు మూలము ఒక చట్టము. బ్రిటనులో 1865 నాటి శాసనము ప్రకారము, రోడ్డుపై యంత్రబలముతో నడచు బండి ఏదైనను పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించి పోరాదు. బండికి ముగ్గురు మనుష్యు లుండవలెను; వారిలో ఒకడు ఎఱ్ఱజెండా పట్టుకొని 60 గజములు ముందుగా నడచుచు జనులను, గుఱ్ఱపు బండ్లవారిని హెచ్చరింపవలెను. బరువైన ఆవిరి యంత్రములను దృష్టిలో నుంచుకొని చేసిన నియమ మది. 1878లో జెండా నిబంధనను సడలించిరి గాని, ముందు నడచు మనిషి మాత్రము తప్పలేదు. తరువాత తేలికయైన పెట్రోలు కార్లు వచ్చినను అవియు ఆ మనిషి అడుగుల వెంటనే పోవలసి వచ్చెను. కాలినడకను మించలేని కారును ఎవరు కొందురు? జర్మనీ, ఫ్రాన్సు దేశములలో మోటారు పరిశ్రమ పెరుగుచుండగా బ్రిటను వెనుకబడుటకు ఇది ఒక కారణమని చెప్పుదురు.

1896లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసి, మూడు టన్నులకు లోపలి బరువు గల వాహనములకు ఈ బంధము తొలగించెను. వేగపు హద్దును గంటకు 14 మైళ్లని నిర్ణయింపగా, దానిని పాలనాధికారులు 12 మైళ్లకు తగ్గించిరి. ఆ చట్టము అమలునకు వచ్చిన దినము 1896 నవంబరు 14వ తేది, శనివారము. మోటారు పేటెంటు హక్కులను కొని కంపెనీలు స్థాపించిన హారీ లాసన్ అను వ్యాపారి ఆ దినముననే లండను నుండి బ్రైటనుకు కార్ల ఊరేగింపు నొకదానిని ఏర్పాటు చేసెను. బయలుదేరుటకు ముందు ఉపాహారపు విందులో విన్‌చిల్సీ ప్రభువు ఒక ఎఱ్ఱజెండాను అందరి యెదుట చించివేసెను. ఆనాడు వాన, దారి బురద. 33 వాహనములు బయలుదేరగా 17 మాత్రమే గమ్యము చేరినవని చెప్పుదురు. పాల్గొన్నవానిలో విద్యుత్తుతో నడచునవి కూడ ఉండెను. ఒక దానిని రైలులో తీసికొనిపోయి, ఊరి పొలిమేరలో దించి, బురద పూసి, దారి పొడవున నడచి వచ్చినట్లు చూపిరను కథ నేటికిని ప్రచారములో నున్నది. నిజమెట్లున్నను, బ్యాటరీ ఎంతదూరము వచ్చునను సందేహము నేటి విద్యుత్తు కార్లతో పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.

ఆ ఊరేగింపును 1927లో పునరుద్ధరించిరి. 1930 నుండి దానిని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు నడుపుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమునను, పెట్రోలు కరవు వలన 1947లోను, కోవిడు వ్యాధి వలన 2020లోను తప్ప యాత్ర ఆగలేదు. 1953లో వచ్చిన ‘జెనివీవ్’ అను హాస్యచిత్రము దీనిని దేశదేశముల వారికి పరిచయము చేసినది. అందులో కథానాయిక 1904 నాటి డరాక్ కారే యనవచ్చును. ఆ చిత్రమునకు లారీ ఆడ్లర్ నోటి హార్మోనికాపై వాయించిన సంగీతము చాల ప్రసిద్ధి పొందినది.

ఇట్టి కారును 60 మైళ్లు నడుపుట యనగా ఏమో తెలియవలెనన్న, దాని లోపలి పని కొంత తెలియవలెను. మీట నొక్కగనే ఇంజను కదలుట తరువాతి కాలపు సౌఖ్యము. తొలినాటి కార్లకు హాండిలు కొట్టవలెను. మన దేశములో లారీలకు క్లీనర్లు హాండిలు కొట్టుట పెద్దలు చూచినదే. అందొక ప్రమాదము కలదు. నిప్పురవ్వ కొంచెము ముందుగా పడినచో ఇంజను వెనుకకు తన్నును. హాండిలు విసురుగా తిరిగివచ్చి మణికట్టు విరుగును. అందువలన మొదట నిప్పురవ్వను ఆలస్యము చేయు మీటను సరిచూచుకొనవలెను. హాండిలు పట్టునపుడు బొటనవ్రేలిని పిడి చుట్టు త్రిప్పక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెను. ఇంజను అందుకొనిన తరువాత ఆ మీటనే క్రమముగా ముందుకు జరిపి వేగము పెంచవలెను. గేర్లు మార్చుటకు చేతితోపాటు చెవియు కావలెను. గేర్ల వేగములను తమంతట తామే సరిపుచ్చు అమరిక 1928లో గాని కార్లలోనికి రాలేదు. అంతకు పూర్వము ఇంజను ధ్వనిని బట్టి అదను కనిపెట్టి మార్చవలసినదే. తప్పినచో పళ్లు కొరికిన చప్పుడు వీధి చివరి వరకు వినవచ్చును.

చమురు సంగతి మరియొకటి. నేటి కారులో వలె ఒకే నూనె తిరిగి తిరిగి వచ్చుట చాల వానిలో లేదు. గాజు బుడ్ల నుండి బొట్టు బొట్టుగా దిగును. పనిచేసి, కాలి, పొగయై పోవును. బండికి కందెన వేసిన రైతు మరల వేయవలసిన సమయమును ఇరుసు కూతను బట్టి తెలిసికొనునట్లు, ఈ కారు నడుపువాడు బొట్ల లెక్కను, పొగ రంగును చూచుచుండవలెను. చక్రములు చాల వానికి కొయ్యవే. ఎండకు కొయ్య కుదించుకొని, చక్రపు ఆకులు వదులై కిఱ్ఱుమనును. మన రైతులు బండి చక్రములను చెరువులో నానవేసిన ఉపాయమే వీరిలో కొందరికిని దిక్కు. రాత్రి దీపములు కార్బైడు దీపములు: కార్బైడు మీద నీటిబొట్టు పడగా పుట్టు వాయువును వెలిగింతురు.

అన్నింటికంటె ముఖ్యము బ్రేకులు. కారు చరిత్రలో మొదటి దూరప్రయాణము చేసిన బెర్తా బెంజ్ అను మహిళ, 1888 ఆగస్టులో తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు ప్రయాణించునపుడు, అరిగిన బ్రేకు దిమ్మెకు దారిలో ఒక చర్మకారునిచే తోలుముక్క కొట్టించుకొనవలసి వచ్చెను. పాత కార్లలో బ్రేకులు వెనుక చక్రములకో, గేరుపెట్టె ఇరుసుకో మాత్రమే ఉండును. కొన్నింటికి కారు ముందుకు పోవునపుడే పట్టును గాని వెనుకకు జారునపుడు పట్టదు. అందుకై ఎత్తు ఎక్కునపుడు నేలకు ఆనునట్లు ఒక ఇనుపకడ్డీని దించెడివారు. మన ఘాట్ రోడ్డు మీద లారీ ఆగగనే క్లీనరు దిగి చక్రము వెనుక రాయి పెట్టును గదా, అదియే పని.

ఇప్పుడు ఇట్టి కార్లు ఒకటి కాదు, పదియో, నూఱో కలిసి నేటి రోడ్డుపై పోవలెను. సామూహిక యాత్రకు క్రమశిక్షణ ఇక్కడ కావలసి వచ్చును. అనుభవజ్ఞులైన నిర్వాహకులు కార్లను గొలుసు వలె అంటి నడువనీయరు. పొడవైన గొలుసును దాటిపోవుటకు వెనుకనున్న బస్సులకు, లారీలకు చోటు దొరకదు; ఓపిక నశించినవాడు ప్రమాదము తెచ్చును. అందువలన రెండు మూడు కార్లు ఒక జట్టుగా, జట్టునకు జట్టునకు నడుమ చాలినంత ఎడముంచి పోవుదురు. నెమ్మదిగా పోవువారిని ముందు పంపుదురు. ప్రతివానికి దారి పుస్తక మొకటి ఇత్తురు. అందు మలుపు మలుపునకు చిన్న గీతపటములు, మైళ్ల లెక్కలు ఉండును. మలుపు వచ్చినచోట ముందు కారువాడు వెనుక కారు కనబడు వరకు ఆగవలెనను నియమమును కొన్ని బృందములు పాటించును. ఎవరికివారు తమ వెనుకవానిని చూచుకొన్నచో చివరివాడు కూడ దారి తప్పడు. అందరికంటె వెనుక మెకానిక్కులతో, పనిముట్లతో ఒక నేటికాలపు వాహనము వచ్చును. ఆగిన కారును విడిచిపోకుండుటయే ఈ యాత్రకు ధర్మము. ప్లగ్గు, తీగ, బెల్టు ముక్క — ఒకని పెట్టెలోనిది మరియొకనిది కూడ.

రేడియో గల గృహస్థులకు ఈ కార్లతో ఒక చుట్టరికము కలదు. వీధిలో మోటారు వాహనము పోవునపుడు మీడియం వేవ్ రేడియోలో చిటపట శబ్దము వినుట మీకు అనుభవమే. ఆ శబ్దము ఇంజనులోని నిప్పురవ్వది. పాత కార్లలో బ్యాటరీ విద్యుత్తును ఒక తీగచుట్టలోనికి పంపి, అదురుచుండు రేకు ద్వారా క్షణక్షణము త్రెంచుచుందురు. త్రెంచినపుడెల్ల రెండవ తీగచుట్టలో అధికమైన వోల్టేజి పుట్టి ప్లగ్గువద్ద నిప్పురవ్వగా దుముకును. తొలినాటి వైర్‌లెస్ యంత్రములలో తరంగములను పుట్టించినది ఈ తీరు తీగచుట్టయే. మార్కోనీ తన వైర్‌లెస్ పేటెంటుకై లండనులో దరఖాస్తు చేసినది 1896 జూన్ 2వ తేది; కార్లకు రోడ్డు తెరచినది ఆ యేడు నవంబరులోనే. తరువాత అమెరికాలో ఎందరో ఔత్సాహికులు ఫోర్డు కారు తీగచుట్టలతోనే సంకేతములు పంపు యంత్రములు కట్టుకొనిరి. ఒకే రవ్వ ఒకచోట కారును నడిపినది, మరియొకచోట వార్తను మోసినది.

మన దేశములో ఇట్టి ఉత్సవములకు దారి చూపినది స్టేట్స్‌మన్ పత్రిక. ఆ పత్రికవారి పాత కార్ల ర్యాలీ ఢిల్లీలో 1964లో ఆరంభమైనది. అందు పాల్గొని పేరుపొందిన వాహనములలో ఒకటి కారు కాదు. అది 1914లో ఇంగ్లండులోని జాన్ మారిస్ కంపెనీవారు చేసిన, గట్టి రబ్బరు టైర్ల మీద నడచు అగ్నిమాపక యంత్రము. పూర్వము అది నిజాం స్టేట్ రైల్వేకు చెందినది. నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో నున్నది. హైదరాబాదుకే చెందిన మరియొక వాహనము, పసుపుపచ్చని 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్, చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. ఒకదానిని చూచుటకు మనము దాని యొద్దకు పోవలెను. మరియొకటి తానే వీధిలోనికి వచ్చి జనుల యెదుట నడచినది.

ఏది మేలు? వివాదము ఇక్కడనే యున్నది. ప్రతి ప్రయాణమున ఏదో ఒక భాగము అరుగును. దాని స్థానమున క్రొత్తది వచ్చును. ఇట్లు మార్చుచు పోగా మిగులునది ఆ పాత కారేనా యని మ్యూజియమువారు అడుగుదురు. ఈ ఇంజనుల పొగ ఆరోగ్యకరము కాదనుటయు నిజమే. భారత ప్రభుత్వము 2021లో చేసిన నియమములలో ఈ రెండు పక్షముల జాగ్రత్తయు కనబడును. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, అసలు రూపము చెడక యున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు ‘వి.ఏ.’ అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు నిత్తురు. వానిని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతునకు నడుపవచ్చును గాని నిత్యవ్యవహారమునకు, కిరాయికి నడుపరాదు.

మాకు తోచునది ఇది. మ్యూజియము ఆకారమును కాపాడగలదు, నైపుణ్యమును కాపాడజాలదు. దేవాలయపు రథమును ఏడాది పొడవున కొట్టములో నుంచినను, సంవత్సరమున కొక్కసారి లాగుదురు. లాగునపుడే ఏ చక్రము క్రింద, ఏ క్షణమున చెక్క వేయవలెనో పెద్దవానివద్ద పిన్నవాడు నేర్చుకొనును. పది సంవత్సరములు లాగనిచో రథము నిలిచియుండవచ్చును, చెక్క వేయు చేయి మిగులదు. హాండిలు పట్టు తీరు, చమురు బొట్ల లెక్క, గేరు మార్చు అదను కూడ అట్టివే. చదివి కొంత తెలియునే గాని చేతికి రావు. స్వరములను భద్రపరచుట వృత్తిగా గల మాకు ఈ బాధ క్రొత్తది కాదు: వాద్యము అలమరలో నుండగా వాయించువాడు లేక పోయిన సందర్భములు ఎన్నియో! మీ వీధిలో పూర్వము లారీయో, కారో నడిపి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుడు ఎవరైన నున్నచో, పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఆ బండి ఎట్లు స్టార్టు చేసెడివారని యడుగుడు. ఆయన చెప్పుచు చేతితో చూపు భంగిమను పిల్లలు శ్రద్ధగా చూతురు గాక.