కోఠి వెళ్తే రెసిడెన్సీ కూడా చూడాలి

నాతవరం: ఈ ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్లి స్థిరపడినవారు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చార్మినారు, గోల్కొండ చూపిస్తారు. పాత పుస్తకాలకు కోఠి తీసుకెళ్తారు. అక్కడే ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ గేటు మాత్రం దాటరు. మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్ రూపకల్పన చేయగా, రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ నిజాం సొమ్ముతో కట్టించిన సౌధమిది. మెట్లకు ఇరువైపులా సింహాలు, వెనుక ఎత్తైన స్తంభాలు. పరదా పాటించే భార్య ఖైరున్నీసా చూసేందుకు తోటలో దీని చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. కిర్క్‌పాట్రిక్ 1805లోనే మరణించాడు. 1949లో ఇక్కడికి మహిళా కళాశాల వచ్చింది. భవనం శిథిలమవుతున్నా పాఠాలు ఆగలేదు; ఆ చదువులే మేడను నిలిపాయనుకోవాలి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తరువాత పునరుద్ధరించారు. ఇది మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం కనుక ముందుగా అనుమతి విచారించుకొని వెళ్లడం మేలు.