చవుడు నేలకు సాయమెటు?

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున హైడ్ కౌంటీ పొలములు పామ్లికో అను సముద్రపు పాయ నానుకొని, సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తున మాత్రమే యున్నవి. గాలి నీటిని ఒడ్డునకు త్రోసినపుడు ఉప్పునీరు మురుగుకాలువల వెంట వెనుకకు పాకి, మొక్కజొన్న, సోయా చేలను చవుడు చేయుచున్నది.

ఇట్టి రైతునకు ప్రభుత్వ సాయము లేకపోలేదు. దాని ద్వారము తెలియకపోవుటయే కష్టము. ఋణములకును, పొలము నమోదునకును ఒక కేంద్రసంస్థ. నేల, నీటి సంరక్షణకు వేరొక సంస్థ. వీనికిని రైతునకును నడుమ వారధి స్థానిక సంరక్షణ మండలి.

ఈ మండలి భావన ఆ రాష్ట్రముననే ఫలించినది. ధూళితుపానులు చెలరేగిన నాళ్ళలో, యాన్సన్ కౌంటీలో జన్మించిన హ్యూ హామండ్ బెన్నెట్ కృషి వలన 1935లో భూసంరక్షణ చట్టము వచ్చినది. 1937లో ఆతని జన్మసీమలోనే దేశమున మొదటిదైన బ్రౌన్ క్రీక్ మండలి వెలసినది. నేటికిని అచ్చటి మండలి సభ్యులైదుగురిలో ముగ్గురిని ప్రజలే యెన్నుకొందురు.

రైతు తన పొలమును నమోదు చేయించి, దరఖాస్తు పెట్టి, ఒప్పందము కుదిరిన పిమ్మటనే పని మొదలిడవలెను. తొందరపడి ఉప్పునీటిని ఆపు తలుపును కాలువకు ముందే కట్టించినచో, ఆ వ్యయములో ప్రభుత్వము సాధారణముగా పాలు పంచుకొనదు. సలహాకు మాత్రము రుసుము లేదు. ఈ చిన్న సంగతి చెప్పువాడు లేక ఎందరి శ్రమయో వ్యర్థము కాగలదు.

చట్టము రాజధానిలో పుట్టినను పొలము గట్టుననే ఫలించును. ఆ గట్టువరకు దారి చూపు పొరుగువాడు లేనిచో, నిధులెన్ని యున్నను నేల చవుడుగానే మిగులును.