మురుగు నీళ్లు తాగిన ఆలివ్ చెట్టు.. నూనె బాగుంటుందా?

ఆలివ్ నూనె కొనేటప్పుడు మనం చూసేవి రెండే: ధర, ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అన్న మాట. ఆ చెట్టుకి ఏ నీళ్లు పెట్టారో సీసా మీద రాయరు. ఇజ్రాయెల్‌లో చాలా ఆలివ్ తోటలకి వెళ్లేది జనం ఇళ్లలో వాడి వదిలేసిన నీళ్లే. శుద్ధి చేసి మళ్లీ వాడతారు. వినగానే ‘ఛీ’ అనిపిస్తుంది కదా? కానీ ఏ సిస్టమ్ అయినా లోపలికి ఏం వెళ్తోంది, బయటికి ఏం వస్తోంది అని చూడటమే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా నా పని. ఈ నీళ్లని కూడా అలాగే చూద్దాం రండి.

నీళ్ల ప్రయాణం

ఇజ్రాయెల్ తన మురుగు నీళ్లలో 80 శాతానికి పైగా మళ్లీ పొలాలకి పంపుతుంది. టెల్ అవీవ్, దాని చుట్టుపక్కల ఊళ్ల మురుగంతా షఫ్దాన్ అనే శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడ సూక్ష్మజీవులతో శుభ్రం చేసి, ఇసుక నేలల్లోకి ఇంకిస్తారు. నెలల తరబడి ఆ ఇసుక పొరల్లో వడగట్టుకున్న నీళ్లని బావుల్లోంచి తోడి, దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారికి పైపుల్లో పంపుతారు. ఏటా 10 కోట్ల ఘనపు మీటర్లకి పైమాటే. శుద్ధి చేసిన నీళ్ల పైపులకి ఊదా రంగు వేస్తారు, తాగే నీళ్లనుకుని ఎవరూ పొరబడకుండా.

నూనెలోకి ఎందుకు రాదంటే..

డ్రిప్ పైపుల్లోంచి నీళ్లు చెట్టు మొదట్లోనే పడతాయి. కొమ్మ మీదున్న కాయని తాకవు. ఇక గానుగలో కాయల్ని నలగ్గొట్టి, ఆ ముద్దని వేగంగా తిరిగే యంత్రంలో వేస్తే నీరు ఒకవైపు, నూనె ఒకవైపు విడిపోతాయి. ఉప్పు, నైట్రేట్, బోరాన్ లాంటివి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. నూనెలో చిటికెడు ఉప్పు వేసి చూడండి, అడుగునే ఉండిపోతుంది. కాబట్టి అవి నీటితోపాటే బయటికి పోతాయి.

నెగెవ్‌లోని గిలాట్ పరిశోధన కేంద్రం వాళ్లు బర్నేయా, లెచ్చినో రకాల చెట్ల మీద మంచినీళ్లనీ శుద్ధి చేసిన నీళ్లనీ పోల్చి చూశారు. నూనె నాణ్యతకి చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు.

మోతాదు దగ్గరే మెలిక

అయితే ఈ నీళ్లలో నత్రజని, భాస్వరం, పొటాష్ ముందే ఉంటాయి. రైతుకి ఎరువు ఖర్చు కలిసొస్తుంది. ఆ లెక్క చూసుకోకుండా ఎప్పటిలాగే ఎరువు కూడా వేస్తే నత్రజని ఎక్కువవుతుంది. అప్పుడు నూనెలో పాలీఫినాల్స్ తగ్గుతాయి. మంచి ఆలివ్ నూనె చెంచాడు తాగితే గొంతులో చురుక్కుమంటుంది చూడండి, ఆ ఘాటూ చేదూ వీటివల్లే. నూనె త్వరగా పాడవకుండా కాపాడేవీ ఇవే. నీళ్లు మరీ ఎక్కువ పెట్టినా ఇంతే. మంచినీళ్లు పెట్టి యూరియా దండిగా వేసినా ఇంతే!

లేబుల్ ఈ సంగతి చెప్పదు. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత్వం 0.8 శాతం దాటకూడదు, రుచిలో లోపం ఉండకూడదు. పాలీఫినాల్స్ ఇన్ని ఉండాలన్న షరతు లేదు. అందుకే కొనేటప్పుడు కాయ కోసిన తేదీ ఉందేమో చూడండి, ముదురు రంగు సీసానే తీసుకోండి.

దెబ్బ తినేది నేల

మన వంటింటి ఉప్పు, సబ్బుల్లోని సోడియం మామూలు శుద్ధితో పోవు. ఏళ్ల తరబడి అదే నీరు పారితే సోడియం నేలలో పేరుకుంటుంది. బంకమట్టి నేలైతే గట్టిపడి, నీరు ఇంకక చౌడు బారుతుంది. ఆలివ్ కొంత ఉప్పుని తట్టుకుంటుంది, నేల తట్టుకోలేదు. ఇజ్రాయెల్‌లో బట్టల పొడుల్లో బోరాన్‌కి పరిమితి పెట్టారు. 2010 నాటి నిబంధనల్లో శుద్ధి చేసిన నీటిలో సోడియం, క్లోరైడ్, బోరాన్ ఎంత ఉండాలో కూడా రాశారు. అంటే తోటని కాపాడే పని బట్టలుతికే దగ్గరే మొదలైందన్నమాట.

మందుల సంగతి వేరే. ఇలాంటి నీళ్లతో పండిన కూరగాయలు, పండ్లు తిన్నవాళ్ల మూత్రంలో ఫిట్స్‌కి వాడే కార్బమాజెపైన్ ఆనవాళ్లు పెరిగాయని హీబ్రూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చూపించారు. అది నూనె మీద చేసిన పరీక్ష కాదు. కానీ నీళ్లు తేటగా కనిపిస్తే చాలదని మాత్రం తేల్చింది.

హైదరాబాద్ దిగువన మూసీ నీళ్లతోనూ గడ్డి, వరి పండుతున్నాయి. అక్కడ కాలవలో శుద్ధి అయినవీ కానివీ కలిసే పారతాయి. నెగెవ్ రైతుకి తన పైపులో నత్రజని ఎంతుందో, ఉప్పు ఎంతుందో తెలుసుకునే వీలుంది కాబట్టే ఎరువు తగ్గించగలడు, నేలని కాచుకోగలడు. ‘మురుగు’ అన్న మాట విని ముక్కు మూసుకునే ముందు మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ నీళ్లని ఎవరైనా కొలుస్తున్నారా?