ఈజీఆర్ లైటు వెలిగితే ముందు ఏం చూడాలి?

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. బండి మామూలుగానే నడుస్తుంటుంది. మహా అయితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాస్త వణుకుతుంది. స్కానర్ పెట్టి చూసిన మెకానిక్ 'ఈజీఆర్ కోడ్ వచ్చింది, సెన్సర్ మార్చాలి' అంటాడు. వెంటనే సరే అనకండి. తప్పు ఏ విభాగంలో ఉందో మాత్రమే కోడ్ చెబుతుంది. పాడైన భాగమేదో పరీక్షించి తేల్చుకోవాల్సిందే.

ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు ఈజీఆర్. సిలిండర్‌లో వేడి సుమారు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు జోరుగా తయారవుతాయి. ఒకసారి మండిన పొగను కొత్త గాలిలో కలిపితే మంట వేడి తగ్గుతుంది, ఈ విషవాయువులూ తగ్గుతాయి. ఎప్పుడు ఎంత పొగ వెళ్లాలో ఇంజిన్ కంప్యూటర్ లెక్కవేసి వాల్వ్‌ను తెరుస్తుంది. అది నిజంగా ఎంత తెరుచుకుందో పొజిషన్ సెన్సర్ తిరిగి చెబుతుంది. ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే లైటు వెలుగుతుంది.

అందుకే కోడ్ నంబరు అడిగి రాసుకోండి. పీ0401 అంటే పొగ చాలినంత వెళ్లడం లేదు. దారిలో మసి పేరుకుపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. పీ0402 అంటే అవసరానికి మించి వెళుతోంది. వాల్వ్ మూసుకోకుండా ఇరుక్కుంటే ఇలా వస్తుంది. అప్పుడు ఐడ్లింగ్ సరిగా ఉండదు, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతుంది. పీ0403 వాల్వ్‌ను నడిపే కరెంటు వైరింగుకు చెందినది. పీ0405, పీ0406 సెన్సర్ సంకేతం ఉండాల్సిన దానికన్నా తక్కువగానో ఎక్కువగానో ఉందని చెబుతాయి. ఈ చివరి రెండింటిలోనూ వైరు తెగిందా, కనెక్టరులో తుప్పు పట్టిందా అన్నది చూశాకే సెన్సర్‌ను అనుమానించాలి.

పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. స్కానర్‌తో వాల్వ్‌ను తెరవమని ఆదేశించి, అది ఎంత కదిలిందో తెరపై చూడవచ్చు. అసలు కదలకపోతే మసి పట్టి బిగుసుకుపోయిందేమో, వాల్వ్‌ను నడిపే మోటారుకు కరెంటు అందుతోందో లేదో చూడాలి. సెన్సర్‌కు చాలా మోడళ్లలో మూడు వైర్లుంటాయి: 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సంకేతం. ఇంజిన్ ఆపి, తాళంచెవి ఆన్‌లో పెట్టి మల్టీమీటరుతో కొలవాలి. 5 వోల్టులే రాకపోతే కొత్త సెన్సర్ వేసినా లైటు ఆరదు. సరఫరా బాగుంటే సంకేతం చూడాలి. వాల్వ్ మూసి ఉన్నప్పుడు సాధారణంగా 1 వోల్టు దరిదాపుల్లో ఉండి, తెరుచుకునేకొద్దీ నిదానంగా పెరగాలి. మధ్యలో ఒక్కసారిగా పడిపోతే సెన్సర్ అరిగిందని అర్థం. కచ్చితమైన అంకెలు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి.

మసే కారణమైతే శుభ్రం చేస్తే చాలు. ఇంజిన్ చల్లారాక వాల్వ్ విప్పి, దానికి తగిన క్లీనరుతో కడగాలి. మోటారు మీద, కనెక్టరు మీద క్లీనరు పడకూడదు. స్క్రూడ్రైవరుతో గీకితే వాల్వ్ కూర్చునే చోటు దెబ్బతింటుంది. బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వేయాలి. కొన్ని కార్లలో వాల్వ్ మూసుకునే స్థానాన్ని స్కానరుతో మళ్లీ నేర్పాలి. కోడ్ చెరిపేముందు, అది వచ్చినప్పటి వేగం, ఇంజిన్ వేడి వంటి వివరాలు రాసుకోవాలి. కోడ్‌తోపాటు అవీ చెరిగిపోతాయి.

లైటు స్థిరంగా వెలుగుతుంటే జాగ్రత్తగా నడుపుకుంటూ వర్క్‌షాపుకు వెళ్లవచ్చు. మినుకుమినుకుమంటుంటే మాత్రం మిస్‌ఫైర్ జరుగుతున్నట్టు, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదన్నమాట. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కన ఆపాలి. లేదంటే క్యాటలిటిక్ కన్వర్టరు పాడవుతుంది.

'ఎందుకీ గొడవ, ప్లేటు పెట్టి ఈజీఆర్ మూసేద్దాం' అనేవాళ్లూ ఉంటారు. ఒప్పుకోవద్దు. మన దేశంలో డీజిల్ కార్ల నుంచి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లను బీఎస్4 కాలుష్య ప్రమాణం అనుమతించేది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్6 దాన్ని 80కి దించింది. ఆ తగ్గింపులో ఈజీఆర్‌కూ భాగముంది. దాన్ని మూసేస్తే ఆ విషం మన వీధిలోని పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. కాబట్టి మెకానిక్‌ను రెండు ప్రశ్నలు అడగండి: కోడ్ నంబరు ఎంత, మీటరులో ఎన్ని వోల్టులు చూపించింది? ఈ రెండూ తెలిశాకే కొత్త సెన్సర్‌కు డబ్బు పెట్టండి.